రోజుకు ఆరు గంటలు వార్తలకే పోతున్నాయి, అయినా గుర్తుండట్లేదు: కరెంట్ అఫైర్స్ మీద ఒక చెల్లెలి ఉత్తరానికి జవాబు

ప్రశ్న: అన్నా, మాది మధిర దగ్గర పల్లె. డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్లో ఉండి సివిల్స్‌కి, దాంతోపాటే గ్రూప్-1కి చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. పొద్దున ఆరింటికి ఇంగ్లిష్ పేపర్ మొదలుపెడితే పది దాటుతుంది. తర్వాత తెలుగు పేపర్. రాత్రి యూట్యూబ్‌లో ఆ రోజు కరెంట్ అఫైర్స్ వీడియో. మూడు మంత్లీ మ్యాగజైన్లు కొంటున్నాను, టెలిగ్రామ్ పీడీఎఫ్‌లతో ఫోన్ నిండిపోయింది, నాలుగు నోటుబుక్కులు రాశాను. అయినా పోయిన నెల చదివింది ఈ నెల గుర్తుండదు. కోచింగ్ టెస్టుల్లో కరెంట్ అఫైర్స్ దగ్గరే మార్కులు పోతున్నాయి. పాలిటీ, ఎకానమీ చదవడానికి టైమే మిగలట్లేదు. నాన్న కౌలు చేస్తూ నెలనెలా డబ్బు పంపుతున్నాడు, అది తలుచుకుంటే టెన్షన్‌తో నిద్ర పట్టదు. ఎన్ని నెలల కరెంట్ అఫైర్స్ చదవాలి? ఏ మ్యాగజైన్ మంచిది? నోట్స్ రాయాలా వద్దా?

జవాబు:

చెల్లెమ్మా, అడిగిన మూడు ప్రశ్నలకీ జవాబు చెప్తాను. కానీ వాటికన్నా ముందు, నువ్వు మధ్యలో ఒక్క ముక్కలో అనేసి వెళ్లిపోయావే, పాలిటీ, ఎకానమీకి టైమ్ మిగలట్లేదని, అసలు చిక్కు అక్కడుంది. నీ జ్ఞాపకశక్తికి ఏమీ కాలేదు. రోజుకు ఆరేడు గంటలు వార్తలకే పోతూ, ఆ వార్త ఏ చట్టం నుంచి పుట్టింది, ఏ ఆర్టికల్ మీద గొడవ నడుస్తోంది అని చెప్పే పుస్తకం మాత్రం మూసి ఉంటే, ఏ వార్తకు ఆ వార్త విడిగా ఉండిపోతుంది. అలా విడిగా ఉన్నది ఎవరికీ గుర్తుండదు, ఎంత తెలివైనవాళ్లకైనా.

పద్ధతి గురించి ఊరికే చెబితే ఎక్కదు, ఒక వార్తని పట్టుకుని చివరిదాకా వెళ్దాం. 2024 ఆగస్టు 1న ఎస్సీ వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. నీ నోటుబుక్కుల్లో ఎక్కడో ఒకచోట ఇలా రాసుకునే ఉంటావు: "పంజాబ్ వర్సెస్ దవీందర్ సింగ్, ఏడుగురు జడ్జిలు, 6-1 మెజారిటీ, రాష్ట్రాలు వర్గీకరణ చేయొచ్చు." ఇంతే రాస్తే నెల తిరిగేసరికి ఆ 6-1 కాస్తా 5-2 అయిపోతుంది, పంజాబ్ హరియాణా అయిపోతుంది. ఇప్పుడు ఆ వార్తనే ఒక్క ప్రశ్న అడిగి చూడు. ఏడుగురు జడ్జిలు ఎందుకు కూర్చోవాల్సి వచ్చింది? అంతకుముందు ఐదుగురు జడ్జిలు ఇంకో మాట చెప్పారు కాబట్టి. ఆ ఐదుగురి తీర్పు 2004 నాటిది, ఈ.వి. చిన్నయ్య వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం. అంటే మన కేసే. 2000లో ఉమ్మడి రాష్ట్రం 15 శాతం ఎస్సీ రిజర్వేషన్‌ని ఏ, బీ, సీ, డీ అని నాలుగు గ్రూపులు చేసి 1, 7, 6, 1 చొప్పున పంచుతూ చట్టం తెచ్చింది. దానికి ఆధారం జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక. ఆ కమిషన్ వేయించింది 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా ఉద్యమం. 2004లో కోర్టు ఏమంది? ఆర్టికల్ 341 కింద రాష్ట్రపతి నోటిఫై చేసిన జాబితాలోని కులాలన్నీ కలిపి ఒకే వర్గం, ఆ జాబితాని మార్చే అధికారం పార్లమెంటుది, దాన్ని రాష్ట్రం ముక్కలు చేయకూడదు అని చట్టాన్ని కొట్టేసింది.

ఇక 2024 తీర్పు దగ్గరికి రా. ఉన్న జాబితాలో కొత్త కులాన్ని చేర్చడం గానీ ఉన్నదాన్ని తీసేయడం గానీ జరగనప్పుడు 341ని తాకినట్టు కాదు, షెడ్యూల్డ్ కులాలన్నీ ఒకే స్థితిలో లేవు, కాబట్టి వర్గీకరణ సమానత్వ హక్కుకి విరుద్ధం కాదు, అయితే దానికి లెక్కల ఆధారం ఉండాలి, మొత్తం కోటాని ఒక్క ఉపవర్గానికే ఇచ్చేసి మిగతావాళ్లని బయట పెట్టకూడదు అని మెజారిటీ చెప్పింది. జస్టిస్ బేలా త్రివేది ఒప్పుకోలేదు, ఆమె అభ్యంతరం మళ్లీ 341 దగ్గరికే వెళ్తుంది. ఆ తర్వాత తెలంగాణ జస్టిస్ షమీమ్ అఖ్తర్ కమిషన్ వేసి, చట్టం చేసి, 2025 ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి రోజున అమల్లోకి తెచ్చింది. మూడు గ్రూపులు, 1, 9, 5 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో కూడా మూడే గ్రూపులు, కానీ 1, 6.5, 7.5.

ఇదంతా ఒక పేజీలో పడుతుంది. దీనికోసం నువ్వు తెరవాల్సింది మ్యాగజైన్ కాదు, పాలిటీ పుస్తకంలో 14, 15, 16, 341 ఆర్టికల్స్ ఉన్న పేజీలు. అవి చదివాక ఆ తీర్పు ఇక మర్చిపోవు, ఎందుకంటే అందులో ఇప్పుడు ఒక తగాదా ఉంది, రెండు వైపులా వాదన ఉంది, ముప్పై ఏళ్ల కథ ఉంది. పైగా ఆ ఒక్క పేజీ సివిల్స్ మెయిన్స్ జీఎస్-2కి (జనరల్ స్టడీస్ రెండో పేపర్), జీఎస్-1లో సమాజం మీద వచ్చే ప్రశ్నలకి, తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీజీపీఎస్సీ) గ్రూప్-1లో సమాజం, రాజ్యాంగం, పాలన పేపర్‌కి, రేపు సివిల్స్ ఇంటర్వ్యూలో నీ రాష్ట్రం పేరు చూసి ఎవరైనా అడిగితే దానికి కూడా పనికొస్తుంది. అన్ని వార్తలకీ ఇంత లోతు అక్కర్లేదు. వారానికి మూడో నాలుగో వార్తలు ఇలాంటివి దొరుకుతాయి, మిగతావి రెండు లైన్లతో సరి.

మరి ఏ వార్త చదవాలి, ఏది వదలాలి అంటావు. సిలబస్ ప్రింటు తీసి టేబుల్ ముందు గోడకి అంటించు. ప్రిలిమ్స్ సిలబస్ ఒక పేజీలో అయిపోతుంది, అందులో మొదటి లైనే జాతీయ, అంతర్జాతీయ ప్రాధాన్యం ఉన్న వర్తమాన సంఘటనలు అని. అది చూసి లోకంలో జరిగేదంతా చదవాలేమో అనుకుంటారు పిల్లలు. దాని కింద ఉన్న చరిత్ర, భూగోళం, పాలిటీ, ఆర్థికం, పర్యావరణం, సైన్స్ అనే లైన్లతో కలిపి చదువుకోవాలి దాన్ని. వార్త ఆ లైన్లలో దేనికీ అతక్కపోతే నిర్మొహమాటంగా పేజీ తిప్పెయ్. ఒక పార్టీ నాయకుడు ఇంకో పార్టీ నాయకుణ్ణి ఏమన్నాడు, ఎవరు ఎవర్ని కలిశారు, ఎన్నికల సర్వేలు, నేరాలు, రోజువారీ సెన్సెక్స్, తెలుగు పేపర్లో జిల్లా ఎడిషన్ మొత్తం, ఇవన్నీ వదిలేయొచ్చు. కోర్టు తీర్పులు, బిల్లులు, కేంద్ర కేబినెట్ నిర్ణయాలు, రిజర్వ్ బ్యాంక్, కొత్త పథకాలు, ఒప్పందాలు, అడవులు, జంతువులు, ఇస్రో, ఇవి చదువు. ఇంగ్లిష్ పేపర్ గంట, తెలుగు పేపర్ ఇరవై నిమిషాలు. అలారం పెట్టుకో. అలారం మోగితే చదువుతున్న వ్యాసం సగంలో ఉన్నా ఆపెయ్, మొదటి రెండు వారాలు ప్రాణం ఒప్పదు, తర్వాత కన్ను దానంతట అదే ఏరుకోవడం నేర్చుకుంటుంది.

ఏరుకున్నది మాత్రం సరిగ్గా చదవాలి, హెడ్డింగులతో సరిపెట్టుకోకూడదు. 2024 ప్రిలిమ్స్‌లో నారీ శక్తి వందన్ అధినియమ్, అంటే లోక్‌సభ, అసెంబ్లీల్లో మహిళలకు మూడో వంతు సీట్లు కేటాయించే చట్టం, మీద ప్రశ్న వచ్చింది, అందులో మొదటి వాక్యం "ఇది 18వ లోక్‌సభ నుంచి అమల్లోకి వస్తుంది" అని. పేపర్లో హెడ్డింగ్ చూసి వదిలేసినవాళ్లకి అది నిజమే అనిపిస్తుంది, చట్టం 2023 సెప్టెంబర్‌లో అయింది, 18వ లోక్‌సభ ఎన్నికలు 2024లో కదా. కానీ ఆ 106వ రాజ్యాంగ సవరణలోనే రాసి ఉంది, చట్టం వచ్చాక జరిగే మొదటి జనగణన, ఆ లెక్కలతో చేసే నియోజకవర్గాల పునర్విభజన, ఆ తర్వాతే రిజర్వేషన్ అని. ఎస్సీ సీట్లలో ఎస్సీ మహిళలకు కోటా ఉంటుందా అనేది కూడా అదే ప్రశ్నలో అడిగారు, ఉంటుంది, అదీ చట్టంలోనే ఉంది. కాబట్టి ముఖ్యమైన బిల్లు వచ్చినప్పుడు దాని మీద ఐదు వీడియోలు చూసే బదులు బిల్లుల్ని వివరించే పీఆర్ఎస్ అనే సంస్థ వెబ్‌సైట్‌లో ఆ బిల్లు సారాంశం ఒక్కటి చదువు, నాలుగు పేజీలు మించదు, ఉచితం. ప్రభుత్వ ప్రకటనలకి పీఐబీ (ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో) ఉంది, అందులో తెలుగులోనూ వస్తాయి, కానీ దాన్ని రోజూ మొత్తం తిరగేయకు, పేపర్లో చూసిన పథకం వివరం కావాల్సినప్పుడు మాత్రమే వెళ్లు.

ఇంకొకటి, మ్యాప్. దీన్ని అందరూ రేపు రేపు అని వాయిదా వేస్తారు. 2022 ప్రిలిమ్స్‌లో అనటోలియా, అంహారా, కాబో డెల్గాడో, కాటలోనియా ఇచ్చి ఏది ఏ దేశంలో ఉందో జతలు అడిగారు. 2023లో డోన్‌బాస్ సిరియా, కాచిన్ ఇథియోపియా, టిగ్రే ఉత్తర యెమెన్ అని ఇచ్చి ఎన్ని జతలు సరైనవి అన్నారు, ఒక్కటీ సరైనది కాదు. "ఎన్ని సరైనవి" అనే ఈ తరహాలో ఒక్క జత తెలిసి మిగతాది ఊహించి గట్టెక్కడం కుదరదు. తప్పు జవాబుకి ఆ ప్రశ్న మార్కుల్లో మూడో వంతు పోతుంది కూడా. అందుకని రోజూ పేపర్లో కనిపించిన ఊరో ప్రాంతమో ఒకటి రెండు అట్లాస్‌లో వెతుకు, దాని చుట్టూ ఏ దేశాలున్నాయి, ఏ సముద్రం ఉంది చూడు. ఎర్ర సముద్రంలో ఓడల మీద యెమెన్ తిరుగుబాటుదారులైన హౌతీల దాడుల గురించి చదివావనుకో, బాబ్ ఎల్ మండెబ్ జలసంధికి ఒకవైపు యెమెన్, ఇంకోవైపు జిబౌటి, ఎరిట్రియా, పైకి వెళ్తే సూయెజ్ కాలువ అని వేలితో తాకుతూ చూస్తే చాలు, ఓడలు ఆఫ్రికా చుట్టూ ఎందుకు తిరిగి వెళ్లాల్సి వచ్చిందో, సరుకు రవాణా ఖర్చు ఎందుకు పెరిగిందో నీకే అర్థమవుతుంది.

అంకెల విషయంలో మాత్రం పొదుపుగా ఉండు. రెపో రేటు, అంటే రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీ రేటు, మారినప్పుడల్లా రాసుకుంటూ పోతే నోటుబుక్కులో పదిచోట్ల పది అంకెలుంటాయి. ఆ రేటు నిర్ణయించే ద్రవ్య విధాన కమిటీ 2016లో ఎందుకు వచ్చింది, ఆరుగురు సభ్యుల్లో ముగ్గురు రిజర్వ్ బ్యాంక్ వాళ్లు, ముగ్గురు కేంద్రం నియమించినవాళ్లు, ద్రవ్యోల్బణం 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపల ఉంచాలన్న లక్ష్యం, రేటు పెంచితే బ్యాంకు లోను మీద వడ్డీ ఎందుకు పెరుగుతుంది, ఇవి ఒక్కసారి నేర్చుకుంటే రేటు ఎన్నిసార్లు మారినా ఒక్క అంకె దిద్దుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు నీ ప్రశ్నలు. ఎన్ని నెలలు? ప్రిలిమ్స్‌కి ముందు ఏడాది గట్టిగా, అంతకుముందు ఆరు నెలలు పైపైన. కానీ వర్గీకరణ విషయంలో చూశావుగా, 2024 తీర్పు అర్థం కావడానికి 1994 దాకా వెళ్లాల్సి వచ్చింది. నెలల లెక్క ప్రిలిమ్స్‌లో సూటిగా వచ్చే ప్రశ్నలకి పనికొస్తుంది గానీ మెయిన్స్‌కి పనికిరాదు.

ఏ మ్యాగజైన్? ఏదైనా ఒక్కటి. నిజంగా ఏదైనా ఒక్కటే. మూడింట్లోనూ ఉండేది అవే వార్తలు, నువ్వు ఒకే సంగతిని మూడు రకాల అచ్చులో చదివి మూడు సంగతులు చదివాననుకుంటున్నావు. నీకు భాష సులువుగా అనిపించేది ఉంచుకుని మిగతా రెండూ ఈ నెల నుంచే ఆపెయ్, మీ నాన్న పంపే డబ్బులో అది తక్కువేం కాదు. టెలిగ్రామ్ ఛానళ్ల నుంచి కూడా బయటికి వచ్చేయ్. పీడీఎఫ్ దించుకోగానే చదివేసినంత ధైర్యం వస్తుంది, తర్వాత దాన్ని తెరిచేదెవరు? యూట్యూబ్ రోజువారీ వీడియో అక్కర్లేదు. పేపర్ చదివినా అర్థం కాని అంశం ఉంటే దానికోసం వెతికి ఒక వీడియో చూడు, అంతవరకే.

నోట్స్ రాయాలి, కానీ ఇప్పుడు రాస్తున్నట్టు తేదీల వారీగా వద్దు. తేదీల వారీ నోట్సుతో వచ్చే కష్టం ఏంటంటే, గవర్నర్ గురించి మార్చిలో ఒకటి, జులైలో ఒకటి, నవంబర్‌లో ఒకటి రాసి ఉంటావు, ఆ మూడూ ఎప్పుడూ ఒకదాన్నొకటి కలవవు. విడి కాగితాలు తీసుకుని సిలబస్‌లో ఒక్కో అంశానికి ఒక్కో కాగితం పెట్టు, పైన అంశం పేరు, గవర్నర్, ఫెడరలిజం, నదీ జలాలు, ద్రవ్యోల్బణం, ఇలా. వార్త వచ్చినప్పుడు ఆ కాగితం తీసి మూడు నాలుగు లైన్లు కలుపు. కలపాలంటే పైన ఉన్నది చదవాలి కదా, రివిజన్ అక్కడే సగం అయిపోతుంది. ఉన్న నాలుగు నోటుబుక్కుల్నీ మళ్లీ ఎత్తి రాయాలని మాత్రం కూర్చోకు, వాటిని అలా ఉంచి ఈ రోజు నుంచి కాగితాలు మొదలుపెట్టు. ఆదివారం పూట కొత్తది ఏదీ చదవకుండా ఆ వారం కాగితాలు తిరగేయడం, ఒక జవాబు రాయడం, ఇదే పని.

జవాబు రాయడం గురించి నీ ఉత్తరంలో ఎక్కడా లేదు, నాకు అది కొంచెం బెంగగా ఉంది. మెయిన్స్‌లో మూడు గంటల్లో ఇరవై ప్రశ్నలు, పది మార్కులవి 150 పదాల్లో, పదిహేను మార్కులవి 250 పదాల్లో. కరెంట్ అఫైర్స్ నిజంగా నీదయిందో లేదో అక్కడ తెలుస్తుంది. మధిర అన్నావు కాబట్టి మొదటి ప్రశ్న నేనే ఇస్తాను, సాగర్ ఎడమ కాలువ నీళ్ల గురించి మీ ఇంట్లో పుట్టినప్పటి నుంచి వింటూనే ఉంటావు. కృష్ణా జలాల వివాదం మీద రాయి. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి రాష్ట్రానికి ఇచ్చిన 811 టీఎంసీలు, విడిపోయాక తాత్కాలికంగా అనుకున్న ఆంధ్రప్రదేశ్‌కి 512, తెలంగాణకి 299 పంపకం, ఆర్టికల్ 262, 1956 నాటి అంతర్రాష్ట్ర జల వివాదాల చట్టం, 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలోని నదీ యాజమాన్య బోర్డులు, 2023 అక్టోబర్‌లో బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్‌కి కేంద్రం ఇచ్చిన కొత్త విధివిధానాలు, ఇవి చూసుకుని, మనకు అన్యాయం జరిగింది అని కాకుండా రెండు రాష్ట్రాల వాదనా రాసి, పరిష్కారం ఎక్కడుందో నీ మాటల్లో చెప్పు.

గ్రూప్-1 కూడా రాస్తున్నావు గనక తెలుగు పేపర్ పూర్తిగా మానకు, రాష్ట్ర పథకాలు, బడ్జెట్, ప్రాజెక్టులు అందులోనే దొరుకుతాయి. అయితే రాష్ట్ర అంకెలకి పేపర్ కటింగుల కన్నా బడ్జెట్‌తో పాటు వచ్చే తెలంగాణ సోషియో ఎకనమిక్ అవుట్‌లుక్ నయం, అదొక్కటి ఏడాదికోసారి శ్రద్ధగా చదివితే విడి పీడీఎఫ్‌ల అవసరం చాలావరకు తీరిపోతుంది.

తెలుగు మీడియం గురించి నువ్వు సూటిగా అడగలేదు, కానీ ఇంగ్లిష్ పేపర్ నాలుగు గంటలు పడుతోందంటే కారణం కొంత అదే అయ్యుంటుంది. సివిల్స్ ప్రశ్నపత్రం ఇంగ్లిష్, హిందీలోనే వస్తుంది, మెయిన్స్ జవాబులు మాత్రం తెలుగులో రాయొచ్చు. శ్రీకాకుళం జిల్లా నుంచి రోణంకి గోపాలకృష్ణ తెలుగులో రాసి, తెలుగు సాహిత్యం ఆప్షనల్‌గా తీసుకుని 2016 సివిల్స్‌లో దేశంలో మూడో ర్యాంకు తెచ్చుకున్నారు. కాబట్టి భాష దగ్గర భయపడాల్సిన పని లేదు, కానీ ప్రశ్న అర్థం కావడానికి ఇంగ్లిష్ పదాలు తెలిసి తీరాలి. నియోజకవర్గాల పునర్విభజన అంటే డీలిమిటేషన్, ద్రవ్య లోటు అంటే ఫిస్కల్ డెఫిసిట్, ఇలా రెండు భాషల్లోనూ మాట పక్కన మాట రాసుకో. కొన్ని నెలలు ఇలా చేస్తే పేపర్ వేగం దానంతట అదే పెరుగుతుంది.

కోచింగ్ టెస్టు మార్కుల్ని మరీ మనసుకు తీసుకోకు. వాళ్లు తయారుచేసే కరెంట్ అఫైర్స్ ప్రశ్నలు చాలాసార్లు ఎవరికి ఏ అవార్డు, ఏ సదస్సు ఏ ఊళ్లో అన్న తరహాలో ఉంటాయి. అలాంటివి అసలు పరీక్షలో రావని కాదు, 2024లో మిత్ర శక్తి సైనిక విన్యాసాల మీద అడిగారు, ఏ దేశంతో, ఎక్కడ అని. కానీ అవి కొన్నే. యూపీఎస్సీ, టీజీపీఎస్సీ వెబ్‌సైట్లలో పాత ప్రశ్నపత్రాలు ఉన్నాయి, గత ఐదారేళ్లవి తీసుకుని, ఒక్కో కరెంట్ అఫైర్స్ ప్రశ్న దగ్గర ఆగి, ఇది ఏ పుస్తకం చదివితే సగం వచ్చేస్తుంది అని చూడు. ఎన్ని ప్రశ్నలకు జవాబు పాలిటీలోనో పర్యావరణంలోనో జాగ్రఫీలోనో దొరుకుతుందో నీకే కనిపిస్తుంది.

రోజు ఎలా పంచుకోవాలంటే, పొద్దున్నే బుర్ర తాజాగా ఉన్నప్పుడు పాలిటీ, ఎకానమీ లాంటి పుస్తకాలకి కూర్చో, పేపర్‌ని మధ్యాహ్నం భోజనం తర్వాతకి నెట్టెయ్. అందరూ పొద్దున్నే పేపర్ చదువుతారని నువ్వూ చదవాల్సిన పని లేదు. ప్రిలిమ్స్‌కి నెల ముందు కొత్త వార్తలు చదవడం దాదాపు ఆపేసి, కాగితాలూ ఆ ఒక్క మ్యాగజైనూ రెండుసార్లు తిప్పు. రాత్రి పదిన్నర తర్వాత ఫోన్ పక్క రూమ్ అమ్మాయికి ఇచ్చెయ్, నిద్ర పట్టకపోవడంలో నాన్న గురించిన బెంగ ఎంతో, పడుకునే ముందు చూసే ఆ వీడియోలూ ఛానళ్లూ అంత. నాన్నకి ఫోన్ చేసినప్పుడు ఎంత చదివావో లెక్క చెప్పుకోవాల్సిన అవసరం లేదు, పొలం ఎలా ఉందో అడుగు చాలు.

కృష్ణా జలాల జవాబు వచ్చే ఆదివారం 250 పదాల్లో, టైమ్ పెట్టుకుని చేత్తో రాసి, ఫొటో తీసి పంపు. తెలుగులోనైనా సరే, ఇంగ్లిష్‌లోనైనా సరే. దిద్ది పంపిస్తాను.